నోటికి వచ్చాక మొదలయ్యే పని

విష్ణు సహస్రనామంలో 70వ శ్లోకం దగ్గర ఒక మలుపు ఉంది. ‘కామదేవః కామపాలః కామీ కాంతః కృతాగమః’ అన్న తరువాత ‘అనిర్దేశ్యవపుర్విష్ణుర్వీరోఽనంతో ధనంజయః’ అని రావాలి. పుస్తకం చూడకుండా చదివేవారి నాలుక తరచుగా ఇక్కడే దారి తప్పుతుంది. ‘అనిర్దేశ్యవపుః’ అన్న మాట 19వ శ్లోకంలోనూ ఉంది. అక్కడ దాని వెనుక వచ్చేది ‘శ్రీమానమేయాత్మా మహాద్రిధృక్’. చదివేవారి మనసు ఆ క్షణంలో పొయ్యి మీది పాల దగ్గరో, నిన్న సాయంత్రం ఎవరో అన్న మాట దగ్గరో ఉంటే, నాలుక తనకు తోచిన దారి పట్టేస్తుంది. ‘శ్రీమానమేయాత్మా’ అనేస్తుంది. దాని వెంట ‘మహేష్వాసో మహీభర్తా’ వస్తుంది, ఆపైన ‘మరీచిర్దమనో హంసః’ వస్తుంది. లయ ఎక్కడా తెగదు, గొంతు ఎక్కడా తడబడదు. చదివే మనిషి మాత్రం యాభై ఒక్క శ్లోకాలు వెనక్కి వెళ్లిపోయి ఉంటాడు. ‘ఇది ఇందాక చదివినదే కదా’ అన్న అనుమానం వచ్చేసరికి మరో నాలుగైదు శ్లోకాలు గడిచిపోతాయి.

ఏళ్ల తరబడి చదువుతున్నవారికీ ఇది జరుగుతుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారికి దాదాపుగా జరగదు, ఎందుకంటే వారి కళ్లు ఇంకా పుస్తకం మీదే ఉంటాయి. ఈ తప్పు రావాలంటే ముందు స్తోత్రం నోటికి వచ్చి ఉండాలి. రోజూ అదే స్తోత్రాన్ని చదివితే మనిషిలో ఏం మారుతుంది అన్న ప్రశ్నకు జవాబును ఈ మలుపు దగ్గరే వెతకడం మంచిది. కంఠతా వచ్చేస్తే సాధన పూర్తయినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఈ స్తోత్రం పుట్టిన సందర్భాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇది మహాభారతంలోని అనుశాసన పర్వంలోది. యుద్ధం ముగిసింది, ధర్మరాజు గెలిచాడు. గెలిచినవాడికి మనశ్శాంతి లేదు. బంధువులను చంపుకొన్న రాజ్యం వద్దని, అడవికి పోతానని శాంతి పర్వం మొదట్లోనే అంటాడు. అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఎదురుచూస్తున్న భీష్ముడి దగ్గర రాజధర్మాలు, మోక్షధర్మాలు, దానధర్మాలు ఎన్నో విన్నాడు. అన్నీ విన్నాక కూడా ఆరు ప్రశ్నలు మిగిలాయి. ‘కిమేకం దైవతం లోకే’ అని మొదలయ్యే ఆ ప్రశ్నల చివర, ఏది జపిస్తే ప్రాణి సంసార బంధం నుంచి బయటపడుతుందని అడుగుతాడు. తీవ్రమైన అపరాధ భావంతో కుంగిపోయిన మనిషి అడిగిన ప్రశ్న అది. దానికి భీష్ముడు ఒక్కసారి చేసి వదిలించుకునే ప్రాయశ్చిత్తాన్ని చెప్పలేదు. రోజూ చేయవలసిన స్తుతిని చెప్పాడు. ఆయన జవాబులో ‘సదా’, ‘నిత్యం’ అన్న మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ‘స్తవైరర్చేన్నరః సదా’ అంటాడు పూర్వపీఠికలో. ‘భక్తిమాన్ యః సదోత్థాయ’ అంటాడు ఫలశ్రుతిలో, చదివితే కలిగే ఫలాలు చెప్పే చివరి భాగంలో, అంటే రోజూ లేచి, శుచిగా, మనసు దాని మీదే నిలిపి చదివేవాడు అని. పునరావృత్తి అన్నది తరువాతివాళ్లు తెచ్చి కలిపిన నియమం కాదని, అది మందు చీటీలోనే రాసి ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

పారాయణం అన్న మాటకు అర్థం కూడా చూడదగ్గది. పారం అంటే ఆవలి ఒడ్డు, అయనం అంటే వెళ్లడం. మొదలుపెట్టినది చివరి దాకా చదివి ఆవలి ఒడ్డుకు చేరడమే పారాయణ. నచ్చిన నాలుగు శ్లోకాలు ఏరుకుని చదివితే అది స్మరణ అవుతుంది, మంచిదే, పారాయణ అనిపించుకోదు. వెయ్యి నామాలు 107 శ్లోకాలలో ఉన్నాయి. శ్లోకానికి నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు చొప్పున ఒక్కో శ్లోకంలో 32 అక్షరాలు. పీఠికలు, ధ్యాన శ్లోకాలు, ఫలశ్రుతి కలిపి నిదానంగా చదివితే అరగంట పడుతుంది. ఆ అరగంటలో సగం దూరం వెళ్లాక విసుగు వచ్చే రోజులు ఉంటాయి. ఆ రోజు కూడా ఒడ్డు చేరాలి.

మొదటి దశ అంతా నోటిది, ఊపిరిది. ఇందులో భక్తి కన్నా కసరత్తు పాలే ఎక్కువ, అందులో చిన్నతనమేమీ లేదు. మొదటి శ్లోకం రెండో సగాన్ని తీసుకోండి: ‘భూతకృద్భూతభృద్భావో భూతాత్మా భూతభావనః’. పదహారు అక్షరాలలో ఏడు చోట్ల భకారం ఉంది. రోజువారీ మాటల్లో ఒత్తులను తేలిక చేసి పలికే నాలుకకు ఇది మొదటి వారమంతా చిక్కుముడిలాగే ఉంటుంది. ‘కృద్భూ’ దగ్గర ఆగిపోతుంది, ‘భృద్భా’ దగ్గర మళ్లీ ఆగుతుంది. పెద్దవాళ్లు నేర్పేటప్పుడు దీన్ని విడదీసి చెబుతారు: భూతకృత్, భూతభృత్, భావః, భూతాత్మా, భూతభావనః. ప్రాణులను సృష్టించేవాడు, వాటిని భరించేవాడు, తానే ఆ ఉనికి అయినవాడు, వాటిలోని ఆత్మ, వాటిని వృద్ధి చేసేవాడు. విడదీసి పలికి, మళ్లీ కలిపి పలికి, పది రోజులకో పదిహేను రోజులకో ఒక ఉదయం ఆ సగం శ్లోకం ఒక్క ఊపిరిలో జారుకుంటూ వెళ్లిపోతుంది. ఆ ఉదయం కలిగే సంతోషం చిన్నదే. కానీ పెద్దయ్యాక కొత్తగా ఒక విద్య నేర్చుకుని, తప్పులు చేసి, దిద్దుకుని, ‘వచ్చింది’ అనుకునే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? అరవై ఏళ్ల వయసులో పారాయణ బృందంలో చేరి, తన కన్నా చిన్నవారి చేత ఉచ్చారణ దిద్దించుకునే గృహిణి ముఖంలో ఈ వెలుగు కనిపిస్తుంది. ఆ దిద్దించుకోవడంలోనే మనసు కొంత వంగుతుంది.

ఊపిరి సంగతి కూడా తేలిక చేసి చూడకూడదు. ఇలా పాదానికి ఎనిమిది అక్షరాలుండే అనుష్టుప్ శ్లోకాన్ని సగానికి ఒక ఊపిరి చొప్పున చదివితే, గట్టిగా పలికినంతసేపూ ఊపిరి నెమ్మదిగా బయటికి పోతుంది, మధ్య విరామంలో త్వరగా లోపలికి వస్తుంది. అరగంటసేపు శ్వాస ఛందస్సు చెప్పినట్టు నడుస్తుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 23 మంది ఆరోగ్యవంతుల చేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను, ‘ఓం మణి పద్మే హుం’ అన్న బౌద్ధ మంత్రాన్ని పలికించి చూస్తే, రెండింటిలోనూ శ్వాస నిమిషానికి దాదాపు ఆరుసార్లకు తగ్గి, గుండె లయకూ రక్తపోటు లయకూ మేలు చేసే తీరులో కుదురుకుంది. ఆ ప్రయోగం సహస్రనామం మీద చేసింది కాదు, కనుక దాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చి అంటించడం సరికాదు. లయబద్ధంగా పదే పదే పలికే మాట శరీరాన్ని నిదానపరుస్తుందన్నంత వరకు తీసుకోవచ్చు. తెల్లవారుజామున పారాయణ ముగించి లేచినవారి మాటలో కనిపించే నెమ్మదికి కొంత కారణం ఇందులో ఉండి ఉంటుంది.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? మన పెద్దలు మండలం అన్నారు, సంప్రదాయాన్ని బట్టి 40, 41 లేదా 48 రోజులు. లండన్ పరిశోధకులు 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజూ నీళ్లు తాగడం, నడవడం వంటి మామూలు పనులు ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారింది. ఒక గ్లాసు నీళ్లకే అంత కాలం పడితే, వెయ్యి నామాలకు ఒక మండలం సరిపోతుందని ఎవరూ ఆశించలేదు. మండలం ఒక ప్రవేశ ద్వారం మాత్రమే. పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం ఎప్పుడు గట్టి పునాదిగా మారుతుందో చెప్పే సూత్రం ఉంది: ‘స తు దీర్ఘకాల నైరంతర్య సత్కారాసేవితో దృఢభూమిః’. చాలా కాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేసినప్పుడు అని. మూడు షరతులు. చాలా కాలం చేసేవాళ్లు ఉంటారు, మానకుండా చేసేవాళ్లూ ఉంటారు. మూడోది, సత్కారం, అందరికీ చిక్కదు.

ఇక్కడే పాత ఆక్షేపణ ఎదురవుతుంది. రోజూ అదే చదివితే అది యంత్రంలా తయారవుతుంది కదా, నోరు తిరుగుతూ మనసు ఎక్కడో తిరిగితే ప్రయోజనం ఏమిటి? తెలుగువాడికి ఈ ప్రశ్న వేమన పద్యంతో పాటే చిన్నప్పుడు ఒంటబడుతుంది: ‘చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా’. ఆ మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు. అయితే ఆ వేమనే ‘అనగ ననగ రాగ మతిశయిల్లుచు నుండు, తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరు ధరలోన’ అని కూడా అన్నాడు. ఈ రెండు పద్యాలను ఎదురెదురుగా పెట్టి కొట్లాడించడం కన్నా పక్కపక్కన పెట్టుకుని చదవడం మేలు. మొదటిది ఎక్కడికి చేరాలో చెబుతోంది, రెండోది ఎలా చేరాలో చెబుతోంది. చిత్తశుద్ధి కలిగాకే పూజ మొదలుపెట్టాలంటే లోకంలో ఒక్కరూ మొదలుపెట్టలేరు. వివేకచూడామణి ‘చిత్తస్య శుద్ధయే కర్మ’ అంటుంది, కర్మ ఉన్నది చిత్తశుద్ధి కోసమే అని. వేపాకు మొదటిరోజే తియ్యగా ఉండాలని పట్టుబట్టేవాడు ఆ తీపిని ఎప్పటికీ చూడడు.

యాంత్రికత గురించి ఇంకాస్త లోతుగా ఆలోచించాలి. స్తోత్రం నోటికి రానంత కాలం మనసుకు తప్పించుకునే వీలు లేదు. తరువాతి మాట ఏమిటో వెతుక్కోవాలి కనుక అది పుస్తకానికి కట్టుబడి ఉంటుంది. నోటికి వచ్చిన రోజున ఆ కట్టు తెగుతుంది. నాలుక తన పని తాను చేసుకుపోతుంది, మనసు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి రోజంతా అణచిపెట్టినవన్నీ వస్తాయి. చెల్లించాల్సిన వాయిదా వస్తుంది, కూతురి పరీక్ష వస్తుంది, పదేళ్ల కిందటి అవమానం వస్తుంది. ‘ఏకాగ్రత కుదరడం లేదు, నా పారాయణ వ్యర్థం’ అని చాలామంది నిరాశపడేది, మానేసేది ఈ దశలోనే. ఇది వ్యర్థమయ్యే దశ అనుకోవడం పెద్ద పొరపాటు. మనసు ఎటు పోతుందో ఇంత స్పష్టంగా కనిపించే సమయం రోజు మొత్తంలో మరొకటి లేదు. మిగతా వేళల్లో మనసు పోయిన వైపే మనిషీ పోతాడు కనుక, పోయిందన్న సంగతే తెలియదు. ఇక్కడ రైలు పట్టాలాంటి స్థిరమైన దారి ఒకటి ఉంది. దాని మీద నుంచి మనసు పక్కకు జారితే జారినట్టు తెలుస్తుంది.

70వ శ్లోకం దగ్గర జరిగేది సరిగ్గా ఇదే. ‘శ్రీమానమేయాత్మా’ అని నోరు జారిన క్షణంలో, తాను అక్కడ లేనన్న సంగతి చదివేవారికి పట్టుబడుతుంది. ఎవరో వేలెత్తి చూపనక్కరలేదు. స్తోత్రమే చూపిస్తుంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో ‘యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్, తతస్తతో నియమ్యైతత్’ అన్న మాట ఉంది. చంచలమైన మనసు ఏయే వైపు పోతే ఆయా వైపు నుంచి దాన్ని మళ్లించి తీసుకురావాలి. మనసు పోకూడదని గీత అనలేదు. పోయినప్పుడల్లా తెచ్చుకోమంది. అరగంట పారాయణలో మనసు ఇరవైసార్లు పోయి ఇరవైసార్లు వెనక్కి వస్తే, అది ఇరవైసార్లు విఫలమైన పారాయణ అనకూడదు, ఇరవైసార్లు అభ్యాసం జరిగిన పారాయణ అనాలి. అర్జునుడికి కృష్ణుడు ఇచ్చిన భరోసా కూడా అభ్యాసం మీదే ఆధారపడింది: ‘అభ్యాసేన తు కౌంతేయ వైరాగ్యేణ చ గృహ్యతే’.

ఈ మళ్లించుకునే శక్తి పూజగది గడప దాటి బయటికి వస్తుందా అన్నది అసలు ప్రశ్న. వస్తుంది, నెమ్మదిగా వస్తుంది. కోపం వచ్చినప్పుడు మనిషికి కావలసింది కూడా అదే నైపుణ్యం కదా: ‘నేను పక్కకు జారిపోయాను’ అని గుర్తించడం, వెనక్కి రావడం. రోజూ ఉదయం ఇరవైసార్లు ఆ పని చేసినవారికి, మధ్యాహ్నం ఎవరితోనో మాట పెరుగుతున్నప్పుడు ఇరవై ఒకటోసారి అదే పని చేయడం కొంచెం సులువవుతుంది. కొంచెమే. అంతకు మించి వాగ్దానం చేసేవారిని నమ్మనక్కరలేదు.

నోటికి వచ్చిన తరువాతే తెరుచుకునే మరో తలుపు అర్థం. ఒక్కో నామం అర్థం మొదటిరోజే చదివేసుకోవచ్చు, పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. తెలుసుకోవడం వేరు, ఒక నామం మనిషిని పట్టుకోవడం వేరు. ఆది శంకరుల పేరిట ఉన్న భాష్యం, 12వ శతాబ్దంలో శ్రీరంగంలోని పరాశర భట్టరు రాసిన భగవద్గుణదర్పణం, ఈ రెండూ ఈ స్తోత్రానికి పెద్ద వ్యాఖ్యానాలు. వీటిని చూస్తే ఒక ఆశ్చర్యకరమైన సంగతి తెలుస్తుంది. వెయ్యి నామాల్లోనూ పునరావృత్తి ఉంది. ‘విష్ణుః’ అన్న నామమే మూడుసార్లు వస్తుంది, 2వ నామంగా, 258వ నామంగా, 657వ నామంగా. అదే మాట మళ్లీ వచ్చినా అర్థభేదం వల్ల అది పునరుక్తి దోషం కాదన్నది భాష్యకారుల నిర్ణయం. ఒకచోట అంతటా వ్యాపించినవాడు అంటారు, మరోచోట అడుగులతో లోకాలను ఆక్రమించినవాడు అంటారు. ‘సహిష్ణుః’ అన్న నామం రెండుసార్లు వస్తుంది, 144, 565 స్థానాల్లో. శంకర భాష్యం మొదటి చోట హిరణ్యాక్షుడి వంటి శత్రువులను అణచేవాడని, రెండోచోట చలి, వేడి వంటి ద్వంద్వాలను సహించేవాడని చెబుతుంది. ఒకే మాటలో ఎదిరించే బలం, ఓర్చుకునే బలం రెండూ ఉన్నాయి. ఏ సందర్భంలో ఏది కావాలో తెలియక సతమతమయ్యే మనిషికి ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయని తెలిస్తే ఎంత ఊరట!

స్తోత్రం లోపలే ఉన్న ఈ పద్ధతి పారాయణ మొత్తానికీ వర్తిస్తుంది. మాట అదే, వచ్చిన చోటు వేరు, కనుక అర్థం వేరు. నిన్నటి సహస్రనామమే ఈరోజూ. నిన్నటి మనిషి మాత్రం ఈరోజు లేడు. మధ్యలో ఒక రోజు గడిచింది, ఒక మంచి వార్తో చెడ్డ వార్తో వచ్చింది. 80వ శ్లోకంలో ‘అమానీ మానదో మాన్యః’ అని ఉంది. తనకు గౌరవం కావాలని కోరనివాడు, ఎదుటివారికి గౌరవం ఇచ్చేవాడు, గౌరవించదగినవాడు. వందలసార్లు నోటి మీదుగా వెళ్లిపోయిన ఈ మూడు మాటలు, పెళ్లిలో తనను సరిగ్గా పలకరించలేదని అలిగి వచ్చిన మరునాడు ఉదయం అలా వెళ్లిపోవు. గొంతులో అడ్డం పడతాయి. మూడు మాటల వరస కూడా అప్పుడే కనిపిస్తుంది: కోరకపోవడం, ఇవ్వడం, ఆ తరువాతే పొందడం. ఆ వరస అంతకుముందూ అక్కడే ఉంది. చదివేవారు అక్కడికి చేరడానికి అన్నాళ్లు పట్టింది. అప్పుడప్పుడు చదివేవారికి ఈ కలయిక దొరకదు. ఏ రోజు ఏ నామం పనికొస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, అన్ని నామాలనూ అన్ని రోజులూ చదవడమే దారి.

98వ శ్లోకం మీద ఇంకొంత సేపు నిలబడాలి. ‘అక్రూరః పేశలో దక్షో దక్షిణః క్షమిణాం వరః’. అక్రూరుడన్న మాటకు శంకర భాష్యం చెప్పే కారణం మనస్తత్వ శాస్త్రంలా ఉంటుంది: క్రౌర్యం అనేది కోపం వల్ల పుట్టే మనోధర్మం, కోరికలు లేనివాడికి కోపం లేదు, కనుక క్రౌర్యం లేదు. పేశలుడన్న మాటకు చేతలో, మనసులో, మాటలో, రూపంలో కూడా అందమైనవాడని చెబుతుంది. చేత అందంగా ఉండటం! గిన్నె కింద పెట్టే చప్పుడులో, తలుపు వేసే తీరులో, చిల్లర చేతికిచ్చే పద్ధతిలో ఆ అందం ఉంటుంది, లేకపోతే ఉండదు. ఈ నామాన్ని రోజూ పలికేవారు ఎప్పటికో ఒకప్పటికి తమ చేతుల వంక చూసుకుంటారు.

చూసుకోనివారు కూడా ఉంటారు, ఆ మాట దాచిపెట్టి ప్రయోజనం లేదు. ముప్పై ఏళ్ల పారాయణ ఉన్న ఇళ్లలోనూ, ఆ పారాయణ మధ్యలోనే పనికి వచ్చిన ఆమె మీద గట్టిగా అరవడం వినిపిస్తుంది. ‘క్షమిణాం వరః’ అని, ఓర్పు గలవారిలో శ్రేష్ఠుడని, దేవుణ్ణి పొగుడుతున్న గొంతే దగ్గరికి వచ్చిన పసివాణ్ణి కసురుకుంటుంది. పారాయణకు అడ్డు వచ్చినందుకట ఆ కసురు. నిజానికి ఆ అడ్డే ఆ రోజు అసలు పరీక్ష. పూజలో పవిత్రత అంతా మన శ్లోకంలో ఉందనీ, తలుపు తట్టిన మనిషిలో లేదనీ అనుకున్న క్షణంలో ఆ పునరావృత్తి మనిషిని పెంచడం మానేసి అహంకారాన్ని పెంచడం మొదలుపెడుతుంది. లెక్క కూడా ఇలాంటిదే. ఇన్ని వేల పారాయణలు పూర్తయ్యాయని రాసుకోవడం మొదట్లో మానకుండా ఉండటానికి సాయం చేస్తుంది. కొన్నాళ్లకు ఆ అంకె నలుగురికీ చెప్పుకునే ఆస్తిగా మారిందంటే ‘అమానీ’ అన్న నామం దగ్గర మళ్లీ కూర్చోవాలి.

పోతన భాగవతంలోని పద్యం ఒకటి ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంటుంది. ‘చేతులారంగ శివుని పూజింపడేని, నోరు నొవ్వంగ హరికీర్తి నుడువడేని, దయయు సత్యంబు లోనుగా దలపడేని’ పుట్టడమెందుకు, తల్లి కడుపుచేటు అంటాడు. నోరు నొప్పిపుట్టేంతగా హరికీర్తిని పలకాలన్నవాడే, ఆ వెంటనే, అదే పద్యంలో, అదే తీరు క్రియారూపంతో దయనూ సత్యాన్నీ కలిపాడు. నోటి నొప్పికీ దయకూ మధ్య పాదం విరుపు తప్ప దూరం లేదు.

కోరికతో మొదలుపెట్టినవారిని తక్కువ చేయడం కూడా తగదు. పెళ్లి కుదరాలని, జబ్బు తగ్గాలని, ఉద్యోగం రావాలని మండలం పట్టేవారే ఎక్కువ. శాస్త్రం దీన్ని కామ్యం అంటుంది. ఫలం కోరకుండా రోజూ చేసేది నిత్యం. ఫలశ్రుతి రెండింటినీ ఆదరిస్తుంది. ‘రోగార్తో ముచ్యతే రోగాత్’ అని రోగికి, ‘అర్థార్థీ చార్థమాప్నుయాత్’ అని ధనం కోరినవారికి చెబుతుంది. భీష్ముడు మనుషులను ఎరిగినవాడు. అయితే ఆ వాగ్దానాల వరసలోనే మరో శ్లోకం ఉంది: ‘న క్రోధో న చ మాత్సర్యం న లోభో నాశుభా మతిః, భవంతి కృతపుణ్యానాం భక్తానాం పురుషోత్తమే’. క్రోధం, మాత్సర్యం, లోభం, చెడ్డ తలపు, ఈ నాలుగూ ఉండవని. ఇంకోచోట ఆత్మసుఖం, ఓర్పు, సంపద, ధైర్యం, జ్ఞాపకశక్తి, కీర్తి కలుగుతాయని ఉంది. ఆరోగ్యం వచ్చిందా, ధనం వచ్చిందా అన్నవాటికి సవాలక్ష కారణాలుంటాయి, వాటిని పారాయణ ఖాతాలో వేయడం కష్టం. కోపం తగ్గిందా అన్నది మాత్రం చూడదగిన విషయం. అయితే ఆ లెక్క చదివేవారు తేల్చేది కాదు. ఆ ఇంట్లో ఉండే మిగతావారు తేల్చాలి. ‘ఈ మధ్య అమ్మ అరవడం లేదు’ అని పిల్లలు తమలో తాము అనుకుంటే అదే ఫలశ్రుతి. విచిత్రమేమిటంటే, కామ్యంగా మొదలుపెట్టి, కోరిక తీరినా తీరకపోయినా ఆ తరువాత మానలేకపోయినవారు చాలామంది ఉంటారు. అప్పటికి అది వారికి తెలియకుండానే నిత్యం అయిపోయి ఉంటుంది.

ఫోనులోనో స్పీకరులోనో సహస్రనామం పెట్టుకుని పనులు చేసుకునే ఇళ్లు ఇప్పుడు లెక్కలేనన్ని. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు తెల్లవారకముందే వంటిళ్లలో వినిపిస్తుంది. ‘య ఇదం శృణుయాన్నిత్యం’ అని వినడాన్ని కూడా స్తోత్రమే అంగీకరించింది, కనుక అది కొరత కాదు. మంచి ఉచ్చారణ చెవిలో నాటుకోవడానికి అంతకన్నా సులువైన దారీ లేదు. కానీ వినేటప్పుడు 70వ శ్లోకం దగ్గర ఎవరూ తప్పిపోరు. మన మనసు పోయినా ఆ గొంతు ఆగదు, తడబడదు, మనం పోయామన్న సంగతి మనకు తెలియనివ్వదు. ఆ ఒక్క కారణానికైనా రోజులో ఒకసారి సొంత గొంతుతో చదవాలి.

నలుగురితో కలిసి చదవడం ఇంకో మేలు చేస్తుంది. భీష్మ ఏకాదశినాడు, అంటే మాఘ శుద్ధ ఏకాదశినాడు, తెలుగు ఊళ్ల ఆలయాల్లో సామూహిక పారాయణలు జరుగుతాయి. శనివారాలు, ఏకాదశులు పెట్టుకుని ఇంటింటా తిరిగి చదివే మహిళా బృందాలు ఎన్నో ఉన్నాయి. విదేశాల్లో ఉన్న తెలుగువారు వారాంతాల్లో తెర మీద ఒకరినొకరు చూసుకుంటూ చదువుతున్నారు. బృందంలో వేగం పెంచాలనిపించినా పెంచకూడదు, గొంతు బాగుంది కదా అని పైకెత్తకూడదు. పక్కవారి ఊపిరి కోసం ఆగాలి. ఒకరు 19కి జారిపోతే మిగతా గొంతులు వారిని 70కి తెచ్చి నిలబెడతాయి, ఒక్క మాట కూడా అనకుండా.

మరి తప్పిన రోజుల సంగతి? ప్రయాణాలుంటాయి, జ్వరాలుంటాయి, మైలలుంటాయి. ఇందాక చెప్పుకున్న లండన్ అధ్యయనంలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదని తేలింది. స్తోత్రం చివర పార్వతి శివుణ్ణి అడుగుతుంది, ‘కేనోపాయేన లఘునా’ అని, ఈ వెయ్యి నామాలను పండితులు రోజూ చదవడానికి తేలికైన ఉపాయమేమిటని. శివుడు ‘శ్రీరామ రామ రామేతి’ అని ఒక్క శ్లోకం చెబుతాడు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుకు ఆ ఒక్క శ్లోకం ఉంది. దారం తెగకుండా ఉండాలన్న కరుణ ఆ ఏర్పాటులో కనిపిస్తుంది.

అంతా చదివాక, పుస్తకం మూసే ముందు చెప్పే శ్లోకం ఒకటి ఉంది: ‘యదక్షరపదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్, తత్సర్వం క్షమ్యతాం దేవ నారాయణ నమోఽస్తు తే’. అక్షరం జారినా, పదం తప్పినా, మాత్ర తగ్గినా అదంతా క్షమించమని. నిన్న గాక మొన్న నేర్చుకోవడం మొదలుపెట్టినవారు ఇది చెబుతారు. యాభై ఏళ్లుగా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదువుతున్న ఘనాపాఠీలూ చెబుతారు. తప్పు చేయని రోజున దీన్ని వదిలేయవచ్చని ఎవరూ అనలేదు.